రెండో సగం

బావ కళ్ళజోడు కుడి కాడ మళ్ళీ వదులైంది. అద్దాలాయన దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి, జేబులోంచి సూదంత స్క్రూడ్రైవర్ తీసి, మరని ఒక్క పిసరు తిప్పాడు. ఎక్కువ తిప్పితే మర తెగుతుంది. తక్కువ తిప్పితే వారం తిరక్కుండానే మళ్ళీ ఊగుతుంది. కళ్ళజోళ్ళ దుకాణంలో జుట్టు నెరిసిన మనిషి కాబట్టి ఈ పనికి వేళ్ళు చాలు, మనసు అక్కర్లేదు. ఆ మనసు బావ గదిలో ఎదురుగోడ అలమరలో ఉంది. చాలా ఏళ్ళుగా అక్కడే కాపురం ఉంటోంది.

అలమర నిండా బూడిదరంగు అట్టపెట్టెలు. ఒక్కో పెట్టెలో ఒక్కో పాత ఇంగ్లీషు నాటకం, మొట్టమొదటిసారి అచ్చయినప్పటి ప్రతి. ఇంచుమించు నాలుగు వందల ఏళ్ళ కిందట నాటకాన్ని పల్చటి పొత్తంలా అచ్చు వేసి, అట్ట కూడా వెయ్యకుండా, అంచున మూడు కుట్లు వేసి అమ్మేసేవాళ్ళు. కొన్నవాళ్ళు చదివి, నవ్వుకుని, ఆ తర్వాత పొయ్యిలోకో పొట్లాలకో వాడేసుకున్నారు. అలా వాడగా మిగిలినవాటి కోసం, కాలేజీలో ఇంగ్లీషు నాటకాలు చెప్పిన బావా, కళ్ళజోళ్ళు అమ్మే బావమరిదీ పోటీపడి ఊళ్ళు తిరిగారు. ఇళ్ళలో ఆడవాళ్ళు ఇద్దరికీ ఒకే తిట్టుతో సరిపెట్టేవాళ్ళు.

ఒక పెట్టెలో మాత్రం సగం నాటకమే ఉంది. మూడు పెళ్ళిళ్ళు చేసుకుని ముగ్గురు అత్తగార్ల మధ్య నలిగిపోయే ఒక వడ్రంగి కథ అది. దారం చీకి రెండు ముక్కలైన ఆ పొత్తం ఒక పాత పుస్తకాల దుకాణంలో బయటపడిన రోజున ఇద్దరూ అక్కడే ఉన్నారు, ఇద్దరూ ఒకేసారి చెయ్యి వేశారు. అచ్చుకాగితాలు మడిచి కట్టలుగా కుట్టిన తొమ్మిది మడతల్లో మొదటి అయిదు అద్దాలాయన చేతికొచ్చాయి, చివరి నాలుగు బావ చేతికి. ఎవరూ వదల్లేదు. దుకాణదారు విసిగిపోయి ఎవరి చేతిలోది వాళ్ళకే ఇచ్చి పంపాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం అద్దాలాయన రావడం, రెండో సగం అడగడం, బావ ఇవ్వననడం, అక్క టీ తేవడం ఒక పద్ధతిగా జరిగిపోతున్నాయి.

ఈమధ్య అద్దాలాయన అడగడం మానేశాడు. బావకి మతిమరుపు పట్టుకుంది. మొదట్లో తాళంచెవులు, తర్వాత వీధుల పేర్లు, ఇప్పుడు అప్పుడప్పుడూ మనుషులు. అడిగితే ఆయన ఎక్కడ సరేనంటాడో అని అద్దాలాయన భయం. ఆ సరేకి ఏం విలువ కట్టాలో ఆయనకి తెలియలేదు.

ఆ ఆదివారం బావ అడక్కుండానే ఇచ్చాడు.

కళ్ళజోడు పెట్టించుకుని, రెండుసార్లు రెప్పలార్చి, లేచి అలమర దగ్గరికి వెళ్ళాడు. వెతుక్కోకుండా కింది వరసలోంచి ఒక పెట్టె లాగాడు. పెట్టెని అక్కడే వదిలి, లోపలి నాలుగు మడతలనీ రెండు చేతులతో మోసుకొచ్చి అద్దాలాయన ఒళ్ళో పెట్టాడు.

"తీసుకెళ్ళు. దీనికోసమేగా ఇన్నాళ్ళూ తిరుగుతున్నావు."

అద్దాలాయన చుట్టూ చూశాడు. అక్క వంటింట్లో ఉంది. నర్సమ్మ డాబా మీద దుప్పట్లు ఆరేస్తోంది. నర్సమ్మ అంటే నర్సు చదువు చదివినావిడ కాదు. పెద్దవాళ్ళని కనిపెట్టుకుని ఉండటానికి మనుషుల్ని పంపే ఆఫీసు ఒకటుంటే, అక్కణ్ణుంచి ఎండలు మొదలైనప్పుడు వచ్చింది. ఆ పేరు బావే పెట్టాడు.

తనెవరో తెలుసా అని అద్దాలాయన అడిగాడు. బావకి చిర్రెత్తుకొచ్చింది. మా ఆవిడ తమ్ముడివి, అద్దాలవాడివి, తెలియకపోవడానికి నాకేం వచ్చిందన్నాడు. ఆ కసురు అచ్చం పాత బావ కసురే. అయితే తెలిసే ఇస్తున్నాడనుకుని అద్దాలాయన ఊపిరి పీల్చుకున్నాడు. అంతలోనే బావ కిటికీలోంచి వీధిలోకి చూస్తూ, పిల్లలందరికీ పరీక్ష కాగితాలు అందాయా అని అడిగాడు. అందాయన్నాడు అద్దాలాయన.

పుస్తకం ఇచ్చిన బావ వేరు, పరీక్ష కాగితాలు అడిగిన బావ వేరు అనుకుంటే పేచీ లేదు. కానీ ఆ ఇద్దరి మధ్య రెప్పపాటు కాలం కూడా లేదే. అద్దాలాయన ఒళ్ళోని కాగితాల వంక చూశాడు. పాతగుడ్డల గుజ్జుతో చేసిన ముతక కాగితం, అంచులు టీ రంగుకి తిరిగాయి. ఇన్నేళ్ళలో దీన్ని ముట్టుకోనివ్వడమే గొప్ప, మోయడం ఇదే మొదటిసారి. గిన్నెల చప్పుడు ఆగి అక్క అడుగులు వినిపించేసరికి, ఆయన చేతులు ఆయన్ని అడక్కుండానే ఆ మడతల్ని సంచీలో, అద్దాల పొట్లాల మధ్యకి జారవిడిచాయి.

అక్కకి చెబుదామనే అనుకున్నాడు. అక్క టీ ఇస్తూనే, మీ బావ నిన్న ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళాడని మొదలుపెట్టింది. ఆవిడ చెప్పడం అయ్యాక చెప్పొచ్చనుకున్నాడు. ఆవిడ చెప్పడం అయింది, టీ అయింది, నర్సమ్మ డాబా దిగివచ్చి బావకి మాత్రలు వేసింది. చెప్పడానికి సందు ఎక్కడో దాటిపోయింది. మెట్లు దిగుతుంటే, అమ్మయ్య అనిపించిందో అయ్యో అనిపించిందో కూడా ఆయనకి తెలియలేదు.

*

సోమవారం పొద్దున్నే దుకాణం తియ్యకుండా బైండరు దగ్గరికి వెళ్ళాడు. ఎందుకంత తొందరో తనకే అర్థం కాలేదు. బావ మళ్ళీ అడుగుతాడనా, లేక తనే మనసు మార్చుకుంటాననా? రెండోదే నిజమని లోపల ఎక్కడో తెలుసు కాబట్టి ఇంకా తొందరగా నడిచాడు.

బైండరు గది మైదాజిగురు వాసన వేస్తోంది. ఇనప ప్రెస్సులో నొక్కిన స్కూలు రిజిస్టర్లు, గోడకి వేలాడే తోలుముక్కలు, బల్ల మీద, కాగితం మడతలు నొక్కి నొక్కి నున్నగా అరిగిన ఎముక పుల్ల. బైండరు తన మోకాలి నొప్పి గురించి ఏకధాటిగా మాట్లాడుతూనే చేతులు కడుక్కుని, తుడుచుకుని, బల్ల మీద తెల్లకాగితం పరిచాడు. అద్దాలాయన మొదటి సగాన్ని తన చేత్తోనే పెట్టాడు. తర్వాత రెండో సగం.

పాతకాలం అచ్చువాళ్ళు ప్రతి పేజీ అడుగున, తర్వాతి పేజీలో మొదటొచ్చే మాటని కూడా చిన్నగా అచ్చు వేసేవాళ్ళు, కుట్టేవాడు తడబడకుండా. అద్దాలాయన దగ్గరున్న చివరి పేజీ అడుగున అలా ఒక మాట ఒంటరిగా వేలాడుతూ ఉంటుంది. ఆయన దాన్ని ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఇప్పుడు పక్క పేజీ నెత్తిన అదే మాట. అది వస్తుందని తెలుసు, లైబ్రరీలో ఈమధ్య అచ్చయిన ప్రతి చదివాడు, అయినా ఒళ్ళు జలదరించింది.

"మీకు కావలసింది ఇదేగా? మరి అలా నిలబడ్డారేంటి? కుట్టెయ్యనా?" అన్నాడు బైండరు.

కుట్టమన్నాడు. బైండరు నార దారానికి మైనం రుద్ది సూదిలోకి ఎక్కించాడు. తొమ్మిది మడతల్నీ ఒకదానిమీదొకటి పేర్చి, అంచులు తట్టి సమం చేశాడు. పాత కుట్టుకన్నాలు మూడూ అన్ని మడతల్లోనూ ఒకే వరసలో ఉన్నాయి. బైండరు సూది ఒక్కచోట కూడా అడ్డుపడలేదు, కొత్తగా ఒక్క కన్నం పడలేదు. చివరి ముడి వేసి దారం తెంపాక బైండరు పొత్తాన్ని ఆయన చేతిలో పెట్టి, మోకాలి నొప్పి ఎక్కడ ఆపాడో అక్కణ్ణుంచి మళ్ళీ అందుకున్నాడు.

అద్దాలాయనకి సంతోషమే. కాదనడానికి లేదు. రోడ్డు మీద నడుస్తుంటే సంచీ బరువు తెలిసింది, నవ్వొచ్చింది, ఎదురొచ్చిన తెలియని మనిషికి కూడా తలూపాడు. దుకాణానికి వచ్చి ఒక ముసలమ్మకి చత్వారం అద్దాలు పెట్టి చూపిస్తూ, ఈ అక్షరాలు కనిపిస్తున్నాయా అని అడిగాడు. కనిపిస్తున్నాయి బాబూ, కానీ చార్టు తలకిందులుగా పట్టుకున్నావందావిడ. ఆయన చార్టుని తిప్పి గోడకి తగిలించాడు.

*

మంగళవారం సాయంత్రం దాకా భార్యకి చూపించలేదు. చూపించాక ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, పుస్తకాన్ని అన్ని వైపులా చూసింది. పెళ్ళయిన కొత్తలో ఇలాంటిదాని మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టి వారం రోజులు మాటలు పడ్డ మనిషి. అందుకని పాత కాగితం కనిపిస్తే చాలు, చేతులు వెనక్కి పోతాయి.

"వదినకి తెలుసా?" అంది.

"బావే ఇచ్చాడు."

"నేనడిగింది అది కాదండీ."

బావ అడక్కుండానే ఇచ్చాడని, తనని గుర్తుపట్టి, తనెవరో చెప్పి మరీ కసిరాడని చెప్పాడు. పరీక్ష కాగితాల సంగతి కూడా చెప్పాడు, దాచలేదు. చెబుతుంటే తనకే రెండు వైపులా న్యాయంగా వినిపించింది. భార్య ఏదైనా అని ఉంటే ఎదురు చెప్పి ఉండేవాడు, ఎదురు చెప్పడంలో ఏదో ఒకటి తేలేది. ఆవిడ వెళ్ళి కూరగాయల కత్తిపీట ముందు కూర్చుంది.

అప్పుడే ఫోన్ మోగింది. అక్క. గొంతు చూస్తే చాలాసేపట్నుంచి ఎవరితోనో అరిచినట్టుంది. మీ బావ పొద్దుట్నుంచి ఇల్లంతా తలకిందులు చేస్తున్నాడంది. అలమరలో ఆ వడ్రంగి నాటకం పెట్టె ఖాళీగా ఉందట. ఎత్తుకుపోయారు, ఎత్తుకుపోయారని ఒకటే గొడవట. ఇంట్లోకి వచ్చేదెవరు, పోయేదెవరు? మధ్యాహ్నం నుంచి వేలు నర్సమ్మ వైపు చూపిస్తున్నాడట. ఆవిడ ఇస్తే మంచినీళ్ళు తాగడు, మాత్ర వేస్తే ఉమ్మేస్తున్నాడు.

"నాకు సిగ్గేసిందిరా. అయినా ఆవిడ సంచీ విప్పి చూశాను. ఏం చెయ్యమంటావ్? ఆయన ఊరుకోలేదు."

అద్దాలాయన నోరు తెరిచాడు. నా దగ్గరుందక్కా అనడానికే తెరిచాడు. ఎదురుగా బల్ల మీద పుస్తకం తొమ్మిది మడతలతో, కొత్త దారంతో ఉంది. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"సరిగ్గా వెతికారా?"

అక్క అవతల ఏదో అంటోంది. ఆఫీసుకి ఫోన్ చేశానంది, రేపు సాయంత్రానికి ఇంకో మనిషిని పంపుతామన్నారంది. ఎందుకు మారుస్తున్నారని వాళ్ళు అడిగితే వస్తువు పోయిందని చెప్పక తప్పలేదంది. ఆ మాట ఒకసారి అంటుకుంటే నర్సమ్మని ఇంకో ఇంటికి పంపరని అక్కకీ తెలుసు, చెప్పాక తెలిసింది. రేపు పొద్దున వస్తానని అద్దాలాయన ఫోన్ పెట్టేశాడు. వంటింట్లో కత్తిపీట చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

"ఏమంది వదిన?"

చెప్పాడు. భార్య ఆయన మొహంలోకి అలాగే చూసింది. ఆవిడకి కోపం వస్తే ఆయనకి తెలుస్తుంది, జాలి వేస్తే తెలుస్తుంది. ఇది ఏదో తెలియలేదు. తను చేసింది దొంగతనమా అని ఆవిణ్ణే అడుగుదామనుకున్నాడు. బావ ఇచ్చినప్పుడు కాకపోయి ఉండొచ్చు. సంచీలో పెట్టినప్పుడు సగం అయింది. ఇందాక ఫోన్‌లో మొత్తం అయింది. ఇంత లెక్క తేల్చుకున్నాక కూడా, లేచి ఇప్పుడే ఫోన్ చెయ్యడానికి ఆయన చెయ్యి కదల్లేదు. ఆ చెయ్యి తనదేనా అని విడ్డూరంగా చూసుకున్నాడు.

*

బుధవారం అక్క ఇంటి మెట్లెక్కేసరికి, నర్సమ్మ వరండాలో నేల మీద కూర్చుని ఉంది. పక్కన గుడ్డసంచీ. సంచీలో సర్దుకోవాల్సినవి ఇంకా బయటే ఉన్నాయి. టిఫిన్ డబ్బా, దువ్వెన, మడతపెట్టిన చీర, గోళ్ళ కత్తెర, చిన్న అద్దం, మందుచీటీ ఒకటి. ఆయన్ని చూసి ఆవిడ లేవలేదు. ఎప్పుడూ లేచేది.

సంచీ నోరు రెండు చేతులతో తెరిచి ఆయన వైపు పట్టింది.

"నిన్న అమ్మగారు చూశారు. పొద్దున పక్కింటావిడ చూసింది. మీరూ చూడండి సార్, ఒక పని అయిపోతుంది."

అద్దాలాయన సంచీలోకి చూడలేదు, ఆవిడ మొహంలోకీ చూడలేకపోయాడు. ఆవిడ గొంతులో ఏడుపు లేదు. అది ఉంటే బాగుండుననిపించింది. దాటి లోపలికి వెళ్ళిపోయాడు. వెళ్ళాక, అలా దాటిపోవడం కంటే సంచీలో చూడటమే నయమేమో అనిపించి, మొహం వేడెక్కింది.

అక్క వంటింట్లో గ్యాసు స్టవ్ తుడుస్తోంది. తుడిచినచోటే తుడుస్తోంది. అద్దాలాయన తన సంచీలోంచి పొత్తం తీసి గట్టు మీద పెట్టాడు. ఆదివారం బావ ఇచ్చాడని, తను తీసుకెళ్ళానని, కుట్టించానని చెప్పాడు. మూడు ముక్కల్లో అయిపోయింది. ఇంత చిన్న సంగతి చెప్పడానికి మూడు రోజులు పట్టిందేమిటని ఆయనకే వింతగా ఉంది.

అక్క చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది.

"నిన్న ఫోన్‌లో ఎందుకు చెప్పలేదురా?"

"తెలీదక్కా."

"తెలీదా?"

"నిజంగా తెలీదు."

ఆవిడ ఒక్క మాట తిట్టలేదు. గుడ్డ సింకులో పడేసి, చీర కొంగుకి చేతులు తుడుచుకుని, ముందు ఆఫీసుకి ఫోన్ చేసింది. వస్తువు మా వాళ్ళ దగ్గరే ఉందండీ, ఆవిడ తప్పు లేదు, అంతా మాదే అని, అవతలివాళ్ళు ఒకసారి విన్నా రెండుసార్లు చెప్పింది. తర్వాత వరండాలోకి వెళ్ళింది. అక్కడ ఏం మాట్లాడిందో అద్దాలాయనకి వినిపించలేదు. కొంచెం సేపటికి నర్సమ్మ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఆఫీసు సరే అమ్మగారూ, సారు నా చేత్తో మాత్ర వేసుకోకపోతే నేనిక్కడుండి ఏం చెయ్యాలని అడిగింది. న్యాయమైన మాట. అద్దాలాయన గట్టు మీది పొత్తాన్ని మళ్ళీ సంచీలో వేసుకున్నాడు, ముగ్గురూ కలిసి బావ గదిలోకి వెళ్ళారు.

బావ అలమర ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. ఖాళీ పెట్టె ఒళ్ళో ఉంది. నర్సమ్మని చూడగానే పెట్టె మూత గబుక్కున మూశాడు.

అద్దాలాయన వంగి, నర్సమ్మ వినేలా, పుస్తకం పట్టుకెళ్ళింది తనేనని చెప్పాడు. బావ ఆయన్ని ఎగాదిగా చూశాడు. చూసి నవ్వాడు.

"ఊరుకోవోయ్. నువ్వెందుకు తీస్తావు? నా బావమరిది సంగతి నాకు తెలీదా? ఈవిణ్ణి వెనకేసుకొస్తున్నావు. మంచివాడివి."

అద్దాలాయనకి ఏడుపొచ్చినంత పనైంది. ఈ మాట ఎవరైనా అంటే బాగుండునని నిన్న సాయంత్రం నుంచీ లోలోపల అనుకుంటున్నాడు. అన్నవాడు ఈయనా? అక్క గోడ వైపు చూస్తోంది. నర్సమ్మ అద్దాలాయన వైపే చూస్తోంది. ఇప్పుడేం చేస్తావన్నట్టు కూడా కాదు, ఊరికే చూస్తోంది.

ఆయన పొత్తం తీసి బావ చేతుల్లో పెట్టాడు. మొత్తం పెట్టాడు. మొదటి సగం కూడా దానితోపాటే వెళ్ళిపోతుందని తెలుసు, తెలిసే పెట్టాడు. అలా పెట్టడం ఆయనకి తేలికైపోయింది కూడా. తను మూడు రోజులుగా చేసిన పనుల్లో తిన్నగా చేసింది ఇదొక్కటే అనిపించింది.

బావ పొత్తాన్ని కళ్ళజోడుకి దగ్గరగా తెచ్చుకున్నాడు. మొదటి పేజీ చూశాడు. నాటకం పేరు, అచ్చువాడి గుర్తుబొమ్మ, అన్నీ ఉన్నాయి. నిదానంగా రెండు పేజీలు తిప్పాడు. క్లాసులో తప్పు దొరికిన పిల్లవాడి పేపరు వెనక్కిచ్చినట్టు, దాన్ని మళ్ళీ అద్దాలాయన చేతికిచ్చేశాడు.

"ఇది నాది కాదు. నాది సగం."

"అదే బావా ఇది. రెండూ కలిపి కుట్టించాను. నీది ఇందులోనే ఉంది, వెనక చూడు."

"నాదాంట్లో మొదటి పేజీ లేదోయ్. మొదటి పేజీ ఉన్నది నాదెలా అవుతుంది? నాది ఆవిడ దగ్గరుంది. ఇచ్చెయ్యమను."

అక్క చెప్పి చూసింది. అద్దాలాయన వెనక మడతలు తెరిచి, ఇదిగో నీ కాగితం, ఇదిగో మూల మరక అని చూపించాడు. బావ మరక చూశాడు, ఒప్పుకోలేదు. నాలుగు వందల ఏళ్ళు బతికిన నాటకం మొత్తంగా ఎదురుగా నిలబడితే ఆయనకది పరాయి వస్తువు. ఎన్నో ఏళ్ళు తను ఇవ్వనని పట్టుకు కూర్చున్నది సగాన్ని. ఆయన మిగిలిన మతి ఆ సగాన్నే పట్టుకుని ఉంది.

అద్దాలాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపటికి ఆయన నర్సమ్మ వైపు తిరిగి, కత్తెర ఉందికదమ్మా, ఇస్తావా అని అడిగాడు. ఆవిడ వరండాలోకి వెళ్ళి గోళ్ళ కత్తెర తెచ్చి, మొన తన వైపు ఉండేలా పట్టుకుని, పిడి ఆయనకి అందించింది.

"ఒరేయ్," అంది అక్క. అంతే అంది.

మైనం పట్టిన దారం కాగితానికి అంటుకుని ఉంది. కాగితం తెగకుండా ఉండాలంటే కత్తెర మొనని దారం కిందికి అడ్డంగా పోనివ్వాలి. అద్దాలాయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, పొత్తాన్ని మోకాళ్ళ మీద పెట్టుకుని, మధ్య కుట్టు ముందు తెంపాడు. టిక్కుమంది. తర్వాత పైది, తర్వాత కిందది. దారాన్ని గోటితో పట్టి కన్నాల్లోంచి కొంచెం కొంచెంగా లాగాడు. జుట్టు నెరిసేదాకా ఎదురుచూసింది రెండు రోజులు కూడా నిలవలేదు. ఏడవాలో నవ్వాలో తెలియక, దారం ముక్కల్ని ఏరి చొక్కా జేబులో వేసుకున్నాడు.

అయిదు మడతలు ఒక పక్కకి, నాలుగు మడతలు ఒక పక్కకి తీశాడు. నాలుగింటినీ బావకిచ్చాడు.

బావ పై పేజీ చూశాడు. ఎవరో మాట్లాడుతుంటే మధ్యలో మొదలయ్యే పేజీ అది. మూలన మరక. వేలితో మరకని నిమిరాడు. ఆయన భుజాలు కిందికి దిగాయి, మూడు రోజుల గడ్డం కింద దవడ వదులైంది. మడతల్ని పెట్టెలో సర్ది, మూత పెట్టి, మూత మీద చెయ్యి పెట్టుకున్నాడు. అక్క కళ్ళు తుడుచుకుంది.

"దొరికింది," అన్నాడు బావ. తలెత్తి, "ఎక్కడ దొరికింది?"

అక్క ఏదో అనబోయింది. అద్దాలాయన చేత్తో ఆపాడు. ఇంట్లోనే ఎక్కడో, పుస్తకాల వెనక, మంచం కింద అనేస్తే పని అయిపోతుంది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. నర్సమ్మ గుమ్మం దగ్గరే ఉంది.

"నా సంచీలో," అన్నాడు. "నేనే పట్టుకెళ్ళాను బావా."

ఈసారి బావ నవ్వలేదు. కళ్ళజోడులోంచి ఆయన్ని చాలాసేపు చూశాడు. మొహాన్ని చూశాడు, తర్వాత ఒళ్ళో ఉన్న కత్తెరని, తర్వాత సంచీని. ఎవరో గుర్తొచ్చి చూస్తున్నాడో, గుర్తురాక చూస్తున్నాడో అద్దాలాయనకి తెలియలేదు. తెలుసుకోవాలని మాత్రం మనసు చచ్చేంత కోరుకుంది. బావ పెట్టెని తీసి అవతలి తొడ పక్కన, కుర్చీ చేతికీ తనకీ మధ్య దాచుకున్నాడు. కాళ్ళతో నేలని తన్ని కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

తర్వాత అద్దాలాయన భుజం మీదుగా గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి పిలిచాడు.

"నర్సమ్మా. ఈయన వెళ్ళేదాకా ఇక్కడే నిలబడమ్మా."

నర్సమ్మ వచ్చి బావ కుర్చీ పక్కన నిలబడింది.